అద్దంలో నెత్తురు

ఇప్పుడు అందరి ఇళ్లల్లో ఉన్నట్టే హైమ ఇంట్లోనూ పళ్లు తోముకునే చోట ఆ అద్దం ఉంది. ఎదురుగా నిలబడితే చాలు, ఒంట్లో నెత్తురూ ఊపిరితిత్తులూ ఎలా ఉన్నాయో చూపించేస్తుంది. పదిహేనేళ్లుగా సిగరెట్ల పొగకి మసిబారి కనిపించిన భర్త కామేశం నెత్తురు ఆవేళ ఎర్రగా నిగనిగలాడుతోంది.

"మానేశారా? నేను కాళ్లావేళ్లా పడితే మానలేదే!"

"ఆఫీసులో నా పక్క సీటు వకుళ గారికి పొగ పడదుటే," అన్నాడు కామేశం, తల దువ్వుకుంటూ.

హైమకి ఒళ్లు మండిపోయింది. ఒకప్పుడు ఏడ్చి లాక్కుని పోపులడబ్బాలో దాచిన సిగరెట్ పెట్టె తీసి, ఆయన కాఫీ పక్కన పెట్టింది. అగ్గిపుల్ల కూడా తనే గీసింది. కామేశం చెయ్యి ఆగలేక సిగరెట్ అందుకుంది.

మర్నాడు అద్దంలో ఆయన నెత్తురు మళ్లీ నల్లబడింది.

"ఇప్పుడు నా మొగుడు," అనుకుంది హైమ, అద్దాన్ని కొంగుతో తుడుస్తూ.