మరిపించే పేరు

కొడుకు బాప్తిస్మం రోజు పొద్దున నస్పూర్ చర్చిలో పాస్టరుగారు రిజిస్టరు తెరిచి, పేరేమిటని అడిగారు. బొగ్గుగనిలో పనిచేసే పేతురు ముందే బైబిలు చూసి పెట్టుకున్నాడు.

"మనష్షే, అయ్యగారూ. మరిపించేటోడు అనే గదా అర్థం?"

"అవును. దేవుడు తన కష్టమంతా మరిపించిండని యోసేపు పెద్దకొడుక్కి ఆ పేరు పెట్టుకున్నడు."

పోయిన వానకాలం డెంగీ జ్వరంతో వాళ్ల ఆరేళ్ల కూతురు చనిపోయింది. ఆనాటి నుంచి పేతురు భార్య మహిమ ఏడవలేదు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. ఇప్పుడూ పసివాణ్ణి ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తోంది.

పాస్టరుగారు కలం ఆపారు. "నీకు ఇష్టమేనా బిడ్డా?"

"యోసేపు మర్సిపోలే, అయ్యగారూ," అంది మహిమ. ఆమె గొంతులో ఏ మార్పూ లేదు. "కొడుకును పిలిచినప్పుడల్లా, ఏం మర్వాల్నో యాదికొచ్చి ఉంటది."

పేతురు తల దించుకున్నాడు. "వద్దు తియ్ మహిమా. వేరే పేరు పెడదాం."

"గదే రాయుండ్రి," అందామె. "వీని అక్క పేరు ఇంట్ల ఎవ్వరు తీస్తలేరు. గీ పేరన్న దినాం పిలుస్తరు."