గన్నవరం విమానం

"గన్నవరం నుంచి విశాఖకి విమానం ఎంతసేపట్లో వస్తుంది మాస్టారూ?"

అరకు స్టేషన్ మాస్టరు వరహాలరావు తలెత్తి చూశాడు. గుమ్మంలో సత్యకుమారి, కలప కాంట్రాక్టరు జగన్నాథరావు భార్య. వానకి కొంగు చెవుల మీదుగా బిగించి కప్పుకుంది. ఏడేళ్ల కూతురు రత్నాలు స్వెట్టరు వేసుకుని తల్లి చెయ్యి పట్టుకుని ఉంది.

"లోపలికి రండమ్మా. ఎవరొస్తన్నారేటి?"

"ఆయనే. రైల్లో వస్తారు, రేపటికి గానీ చేరరు అనుకున్నాను. ఇందాక ఆయన దగ్గర పనిచేసే మేస్త్రీ చెప్పాడు, పొద్దున్నే విమానం ఎక్కుతున్నారట."

ఆ దారిలో చిన్న విమానాలు అప్పుడే కొత్తగా తిరుగుతున్నాయి.

"రోడ్డు మీదైతే రోజంతా పట్టే దూరం. గాల్లో ఎంతండి, గంట. జీపులో ఘాటెక్కితే భోజనాల వేళకి ఇంట్లో ఉంటారు."

ఆమె బల్ల మీద కూలబడింది.

"ఇంత మబ్బుంది కదా. విమానం వెనక్కి తిప్పేస్తారేమో?"

"మబ్బు మన కొండలకేనమ్మా. కింద ఎండ కాస్తందట."

"బాగా చిన్నదట మాస్టారూ."

"చిన్నదైతే ఏటి? మా తోడల్లుడు అందులోనే తిరుగుతాడు. ఏమీ కాదు."

ఆయన ధైర్యం చెప్పేకొద్దీ ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోతోంది. మొగుడంటే ఎంత ప్రాణమో అనుకున్నాడు వరహాలరావు. టీ తెప్పించి ఇచ్చాడు. ఆమె ఒక్క గుక్క తాగి గ్లాసు పిల్లకిచ్చేసింది.

బయట ఏదో జీపు ఆగిన చప్పుడైంది. సత్యకుమారి చటుక్కున లేచి నిలబడింది. పిల్ల తల్లి వెనక్కి చేరింది. ఫారెస్టు వాళ్ల జీపు అది.

"అప్పుడే ఎలా వస్తారమ్మా" అని నవ్వాడాయన.

ఆమె నవ్వలేదు. "పైకెళ్లే బండి ఇంకా రాలేదేం మాస్టారూ?"

"పట్టాల మీద రాళ్లు పడ్డాయి. తీసేశారట, బేగొచ్చేస్తాది. ఉండండి, విశాఖలో మావాడున్నాడు, విమానం సంగతి కనుక్కుంటాను."

లైను దొరకడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా బండి వచ్చి ఆగింది. ఆయన ఫోను పెట్టేసి చూస్తే బల్ల ఖాళీగా ఉంది. వానలోనే ప్లాట్‌ఫారం మీదకి పరిగెత్తాడు. మూడో పెట్టెలో కిటికీ పక్కన తల్లీ కూతుళ్లు కనిపించారు. ఆమె ఒళ్లో బట్టల మూట.

"విమానం దిగిపోయిందట అమ్మా. ఎప్పుడో దిగిందట. ఇంక భయం లేదు."

ఆమె కళ్లు మూసుకుంది. పిల్లని దగ్గరికి లాక్కుంది.

"అయినా ఇదెక్కారేటి? ఇది పైకి, కిరండూలు పోయే బండి. విశాఖ బండి మధ్యాహ్నం గానీ రాదు."

"తెలుసండి."

బండి కదిలింది. వరహాలరావు కిటికీ ఊచ పట్టుకుని పక్కనే నడిచాడు.

"మరి ఆయనొచ్చి అడిగితే ఏటని చెప్పమంటారు?"

"మమ్మల్ని చూళ్లేదని చెప్పండి."