నలభై ప్రశ్నలు

శుక్రవారం పదకొండు గంటలకు చైర్మన్ ముందు నలభై ప్రశ్నలకు నలభై జవాబులు రావాలి. ఒక్కటి తప్పినా, వాటిని రాసిన ఇంజినీరు సోమవారం నుంచి ఆఫీసుకు రానక్కర్లేదు. అతని ఆరు నెలల ఒప్పందం ఆ శుక్రవారంతోనే ముగుస్తుంది.

ఆఫీసులో అతన్ని ప్రశ్నల్రావు అంటారు. ఇళ్ళ మరమ్మతుకు సాయం కోరేవాళ్ళ దరఖాస్తులు అతని ఆఫీసులో ఉంటాయి. ఆ ఇళ్ళు ఎవరివో చెప్పే వివరాలు రికార్డుల ఆఫీసులో ఉంటాయి. రెండు ఆఫీసులకూ, కంప్యూటరు అడిగితే కంప్యూటరే జవాబిచ్చే వెబ్ సర్వీసు చెరొకటి ఉంది. రెండూ ఎక్స్ఎంఎల్‌లోనే మాట్లాడతాయి. అంటే ప్రతి వివరమూ పేరు రాసిన డబ్బాలో వస్తుంది. ఏ డబ్బా తెరవాలో, దాన్ని దేనితో కలపాలో చెప్పే ఎక్స్‌క్వెరీ అనే ప్రశ్న అతను రాశాడు. అది దరఖాస్తులోంచి ఇంటి నంబరు తీసి రికార్డుల సర్వీసును అడుగుతుంది. యజమాని పేరు రాగానే రెండూ కలిపి ఒక పేజీ చేస్తుంది.

రికార్డుల సర్వీసు నిదానం. ఒక్కో జవాబుకు నిమిషం, ఒకటిన్నర నిమిషం పడుతుంది.

“నత్తకు నడక నేర్పినట్టుందేమిటయ్యా?” అన్నాడు మేనేజరు.

“పాత సర్వర్ సార్. నెమ్మదే గానీ తప్పు చెప్పదు.”

మూడు వారాల పరీక్షల్లో ఒక్క తప్పూ రాలేదు. ఒకరోజు అతనే పొరపాటు చేశాడు. ఇంటి నంబరును వీధి నంబరు డబ్బాలో, వీధి నంబరును ఇంటి నంబరు డబ్బాలో పెట్టి పంపాడు. ఇలాంటప్పుడు ఏ సర్వీసైనా పోట్లాడదు. ఖాళీ జవాబు చేతిలో పెట్టి ఊరుకుంటుంది. కానీ ఆ రోజు సరైన యజమాని పేరే వచ్చింది.

“కట్టినవాడెవడో గానీ దండం పెట్టాలి గురూ,” అన్నాడు పక్క సీటు మిత్రుడు. “నువ్వు తప్పడిగినా అది ఒప్పే చెబుతోంది. మా ఆవిడా అంతే. కాకపోతే తిట్టి మరీ చెబుతుంది.”

బుధవారం భోజనాల దగ్గర ప్రశ్నల్రావు ఈ సంగతీ, శుక్రవారం పరీక్ష సంగతీ భార్యకు చెప్పాడు. ఆమె ఒక కాంట్రాక్టరు దగ్గర టైపిస్టు.

“ఏమండీ, నలభై వరసగా అడగాలా? పదింటికోసారి కాస్త ఆపరాదూ?”

“ఎందుకూ? మిషనుకి వేళ్ళు నొప్పెడతాయా?”

“జవాబుకి గడువెంత పెట్టారు?”

“రెండు నిమిషాలు. దాటిందంటే తప్పు కిందే లెక్క.”

“మూడు చెయ్యండి.”

“దేనికి?”

“పాతదన్నారుగా పాపం.”

అతను నవ్వాడు. “మిషన్ల మీద కూడా జాలేనా తల్లీ! ఇంకో రెండేళ్ళు పోతే మీ టైపింగంతా ఇవే లాగేసుకుంటాయి. అప్పుడు చూపించు జాలి.”

“మా కాంట్రాక్టరు కూడా...” అని ఆమె ఏదో చెప్పబోయింది. అతని ఫోను మోగింది.

గడువు మాత్రం మూడు నిమిషాలు చేశాడు. పెళ్ళాం మాట ఒకటి విన్నట్టుంటుందని.

శుక్రవారం పొద్దున ఆమెకు నూట రెండు జ్వరం. మంచం దిగబోతుంటే అతను ఆపాడు.

“ఒక్కరోజు నువ్వు వెళ్ళకపోతే కొంపలేం మునగవు. పడుకో.”

“సరే. మీరు గెలిచి రండి.” మాత్ర మింగి దుప్పటి కప్పుకుంది.

పదకొండు గంటలకు మొదటి ప్రశ్న వెళ్ళింది. రెండు నిమిషాల నలభై సెకన్లకు జవాబు వచ్చింది. ప్రశ్నల్రావు చొక్కా వీపుకు అంటుకుంది. రెండో జవాబు త్వరగానే వచ్చింది. పదిహేడో దానికి మళ్ళీ రెండూ యాభై. మేనేజరు నోట్లోనే సెకన్లు లెక్కపెడుతున్నాడు. చైర్మన్ రెండు టీలు తాగాడు.

నలభయ్యో ఇల్లు ముగ్గురు అన్నదమ్ములు పంచుకున్నది. రెండు నిమిషాలు దాటింది. రెండున్నర దాటింది. రెండూ యాభై ఆరుకు ముగ్గురి పేర్లూ, ఎవరి వాటా ఎంతో సహా తెర మీదికి వచ్చాయి.

చైర్మన్ లేచి చెయ్యి కలిపాడు. “ఇదయ్యా పని! సెలవడగదు, సాకులు చెప్పదు. మనుషుల్ని నమ్ముకుంటే అయ్యేదా ఇది? ఈ అబ్బాయిని పర్మనెంటు చేసేయండి.”

“అలాగే సార్,” అన్నాడు మేనేజరు. అప్పటికి గాని అతను ఊపిరి వదల్లేదు.

ప్రశ్నల్రావు వరండాలోకి వచ్చి భార్యకు ఫోను చేశాడు. తియ్యలేదు. మళ్ళీ చేశాడు. మందు మత్తులో ఉందనుకుని మెసేజ్ పెట్టాడు. “ఉద్యోగం ఖాయం. నువ్వు లేవకు. వంట నేనొచ్చి చేస్తా.”

ఆ మెసేజ్ చేరేసరికి, రికార్డుల ఆఫీసు తన వెబ్ సర్వీసును నడపమని అప్పగించిన కాంట్రాక్టరు గదిలో, నలభై జవాబులూ వెతికి టైపు చేసి పంపిన అతని భార్య, స్వెట్టరు వేసుకుని, తీసిన ఫైళ్ళను ఒక్కొక్కటే బీరువాలో సర్దుతోంది.