తెలుగు రాని కుక్కలు

“రండర్రా, ఇలా రండి” అన్నారు అనంతపద్మనాభం మేస్టారు, వరండాలో పడక్కుర్చీలోంచి తల తిప్పకుండానే.

రెండు కుక్కలూ గేటు వైపు తిరిగి కూర్చున్నాయి. తోకైనా కదపలేదు.

మేస్టారు గొంతు పెంచారు. చోడవరంలో ముప్పై నాలుగేళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన గొంతు అది. ఆఖరి బెంచీలో కునికేవాడు కూడా ఉలిక్కిపడి లేచేవాడు. కుక్కలు మాత్రం లేవలేదు.

“వాటికి తెలుగు రాదేమోనండీ” అంది భార్య విశాలాక్షి. “మా తమ్ముడింట్లో అందరూ ఇంగ్లీషే కదా.”

తమ్ముడు ఫణిశ్రీనివాస్‌కి దూరం బదిలీ అయ్యింది. వెళ్తూ వెళ్తూ ఈ తెల్లకుక్కల్ని దింపేశాడు. “రోజీ, విక్టర్ అండీ. ఏడాదిలో వచ్చి పట్టుకెళ్తాను బావగారూ. చెప్పాల్సినవన్నీ దీంట్లో రాశాను” అని ఒక కాగితం చేతిలో పెట్టి కారెక్కేశాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. మేస్టారు దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కిందకి తోసేశారు.

ఆయనకి ఇంగ్లీషంటే పడదు. తరగతిలో ఎవడైనా ‘థాంక్స్’ అంటే బెంచీ ఎక్కించేవారు. ‘మేస్టారు’ కూడా ఇంగ్లీషు మాటేనని చెప్పే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేకపోయింది.

వారం రోజులు పంతం పట్టారు. కుక్కలూ పట్టాయి. పొద్దున్నే నడకకి తీసుకెళ్తే ఒకటి మాడుగుల వైపు, ఇంకోటి బుచ్చయ్యపేట వైపు లాగేవి. మధ్యలో మేస్టారు.

“ఏటి మేస్టారూ, రోడ్డు వెడల్పు కొలస్తన్నారా?” అంది టీ కొట్టు సన్యాసమ్మ.

ఆ సాయంత్రమే మేస్టారు తలుపులు వేయించి, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన భార్య ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

“నోటితో అంటే చాలదండీ” అంది విశాలాక్షి హుషారుగా. “ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకి చెయ్యి ఆడకపోతే మాట రాదు. మా పోస్టుమాస్టరు గారూ అంతే. ‘కమ్’ అంటే చెయ్యి ఇలా ఊపాలి. ‘సిట్’ అంటే అరచెయ్యి ఇలా కిందకి.”

మర్నాడు మేస్టారు కుక్కల ఎదురుగా నిలబడ్డారు. ఎవరూ వినడం లేదు కదా అని అటూ ఇటూ చూసుకున్నారు.

“కమ్!”

రెండూ పరిగెత్తుకొచ్చాయి.

“సిట్!”

కూర్చున్నాయి. మేస్టారి కళ్ళు చెమర్చాయి. ముప్పై నాలుగేళ్ళలో ఏ తరగతీ ఒక్క మాటకి ఇలా కూర్చోలేదు.

ఇక ఆగలేదు. ఎండలు ముదిరితే “సమ్మర్. టూ మచ్ సమ్మర్” అని వాటికి చెప్పేవారు. వానల్లో ముగ్గురూ ఒకే గొడుగు కింద నడుస్తుంటే “రెయిన్. బట్ గుడ్ రెయిన్” అనేవారు. ఆరు ఋతువులున్న భాషలోంచి నాలుగే ఉన్న భాషలోకి జారిపోయానే అని ఒక పూట బెంగపడ్డారు కానీ, వాటి మొహాలు చూస్తే బెంగ నిలవలేదు. ఆయన మాట్లాడినంతసేపూ రెప్ప వెయ్యకుండా ఆయన మొహంలోకే చూసేవి. అంత శ్రద్ధ విశాలాక్షికి కూడా లేదు.

దీపావళికి వీధిలో కుక్కలన్నీ మంచాల కింద దూరాయి. ఇవి మాత్రం వరండాలో వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోయాయి.

“చూశావా పెంపకం!” అన్నారు మేస్టారు.

చలికాలం వచ్చింది. చెరకు బళ్ళు మొదలయ్యాయి. ఒకరోజు మంచులో రోజీ తాడు విడిపించుకుని రోడ్డు మధ్యకి పోయి, కింద పడ్డ చెరకు ముక్క కొరుకుతూ నిలబడింది. రోలుగుంట వైపు నుంచి లోడు ట్రాక్టరు హారన్ కొట్టుకుంటూ వస్తోంది.

“తప్పించండి మేస్టారూ! లోడు మీదుంది, ఆగదు!” అని కేకేశాడు డ్రైవరు శివాజీ.

“రావే! ఒసే రోజీ, రావే తల్లీ!” అని అరిచారు మేస్టారు.

రోజీ తలెత్తలేదు.

మేస్టారు పంచె ఎగ్గట్టి పరిగెత్తారు. ట్రాక్టరుకి, కుక్కకి మధ్య నిలబడి, రెండు చేతులూ గాల్లో ఊపుతూ “కమ్! కమ్! ప్లీజ్ కమ్!” అన్నారు. రోజీ ఒక్క గెంతు గెంతి ఆయన గుండెల మీద పడింది. ఇద్దరూ కలిసి రోడ్డు పక్క కాలవలో పడ్డారు. ట్రాక్టరు పది గజాలు ముందుకు పోయి ఆగింది.

“కుక్క కోసం సచ్చిపోదురు కదా బాబూ!” అన్నాడు శివాజీ దిగి వస్తూ.

“తప్పు నాదే నాయనా. కంగార్లో తెలుగొచ్చేసింది” అన్నారు మేస్టారు పంచె పిండుకుంటూ.

ఆ వారమే ఫణిశ్రీనివాస్ ఫోన్ చేశాడు, వచ్చే నెల కుక్కల్ని తీసుకెళ్తానని.

“నో” అన్నారు మేస్టారు. బావమరిదితో ఆయన ఆడిన మొట్టమొదటి ఇంగ్లీషు మాట అది.

మాఘమాసంలో ఊళ్ళో కుక్కలకి టీకాలు వేశారు. జనం మూగారు. మేస్టారు కండువా సర్దుకుని “కమ్!” అన్నారు. వచ్చాయి. “సిట్!” అన్నారు. కూర్చున్నాయి. “షేక్ హ్యాండ్!” అన్నారు. ఇచ్చాయి. చప్పట్లు మోగాయి.

“మా మేస్టారి ఇంగ్లీసు సూసేరా డాట్రమ్మా” అంది సన్యాసమ్మ గర్వంగా.

టీకాలు వేస్తున్న పశువుల డాక్టరు వాగ్దేవి ముందుకొచ్చింది. రెండు కుక్కల్నీ దగ్గరకి తీసుకుని చాలాసేపు పరీక్ష చేసింది. తర్వాత లేచి, మేస్టారికి రెండు చేతులూ జోడించింది.

“మీ చేతి సైగలు అద్భుతం మేస్టారూ, పుట్టు చెవిటి కుక్కలకి ఇంత చక్కగా నేర్పినవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదు!”