వెంకమ్మ తుపాకి

"ఆంటీ, ఇక్కడో సంతకం పెడతారా?"

సింగపూర్‌లోని బుకిట్ పంజాంగ్‌లో తమ బ్లాకు కింద టేబుల్ వేసుకుని కూర్చున్న వసుంధర, లిఫ్టులోంచి వచ్చిన ముసలావిడ వైపు పెన్ను చాపింది.

"దేనికమ్మాయ్?"

"మలేసియా వైపు జొహోర్‌లో ఒక ఎస్టేటు అడవి ఉంది. అక్కడ ఫెజంట్లని వేటాడుతున్నారు. అడవికోడి జాతి పక్షి, ఎంత అందంగా ఉంటుందో. ఆ వేట ఆపించాలి."

"పెట్టను. వేటాడేవాళ్లలో నేనూ ఉన్నా."

వసుంధరతో పాటు సంతకాలు సేకరిస్తున్న శశికాంత్ నవ్వేశాడు. ఆవిడ నవ్వలేదు.

"ఈ వయసులోనా ఆంటీ?"

"మా ఆయన పోయాక, అరవై దాటి నేర్చుకున్నా. కొడతాను, వండుకు తింటాను. నువ్వు చికెన్ రైస్ తినవా?"

"అది ఫారం కోడి. ఇది అడవి పక్షి," అంది వసుంధర.

"అలాగా? వేట ఆపించి చూడు. రెండేళ్లలో ఒక్కటీ మిగలదు."

"హంతకులు ఇలాగే మాట్లాడతారు," అన్నాడు శశికాంత్.

"అనుకో లా. లైసెన్సుతో, పట్టపగలు, తలెత్తుకునే వెళ్తున్నా."

ఆవిడ పేరు వెంకమ్మ అని, మలేసియాలో పుట్టిన, అక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలించే తెలుగావిడ అని, ఏడో అంతస్తులో కొడుకూ కోడలి దగ్గర ఉంటుందని తర్వాత తెలిసింది.

బ్లాకులోని తెలుగువాళ్లు ఆవిడతో మాట మానేశారు. లిఫ్టులో ఆవిడ కనిపిస్తే వసుంధర ఎక్కేది కాదు.

వెంకమ్మ మాత్రం తలుపు మూసుకోకుండా బటన్ నొక్కి పట్టుకుని, "ఎక్కు, కాల్చనులే," అనేది.

సంతకాలు పనిచేశాయి. ఎస్టేటు యజమాని వేట ఆపేశాడు. వేట క్లబ్బు మూతపడింది.

అయినా 'ఒక్కటీ మిగలదు' అన్న మాట వసుంధరని గుచ్చుతూనే ఉంది. నిజంగా మిగలకపోతే?

రెండేళ్లు కాగానే కెమెరా తీసుకుని ఆ అడవికి వెళ్లింది.

పొదల్లోంచి ఒకటి వచ్చింది. వెనకాలే ఇంకోటి. తర్వాత గుంపే వచ్చింది, నీలంగా మెరిసే మెడలతో. వసుంధరకి కళ్లు చెమర్చాయి.

తిరిగొచ్చి, బట్టలైనా మార్చుకోకుండా ఏడో అంతస్తుకెళ్లి బెల్లు కొట్టింది. కోడలు శర్మిల తలుపు తీసింది.

"మీ అత్తగారున్నారా? ఇవి చూపించి, ఆ మాట వెనక్కి తీసుకోమందామని వచ్చా."

"అత్త పోయి నెలయిందక్కా. మలేసియాలో ఇపో ఊరెళ్లినప్పుడు, అక్కడే."

వసుంధర కెమెరా దించింది. శర్మిల వంగి ఫొటో చూసింది.

"అత్త పక్షులే."

"అంటే?"

"కాలికి పసుపు రింగు చూడండి. ఆ అడవిలో ఫెజంట్లు ఎప్పుడో అయిపోయాయి లా. వేటాడేవాళ్లు కట్టే ఫీజుతో షెడ్డులో గుడ్లు పొదిగించి, పిల్లల్ని పెంచి, రింగు వేసి అడవిలో వదిలేవాళ్లు. కొన్నిటిని కొట్టేవాళ్లు, మిగతావి బతికేవి. వేట ఆగింది, ఫీజూ ఆగింది."

"మరి ఇవెక్కడివి?"

"అత్త క్లబ్బులో ఉన్న తన తుపాకి అమ్మేసింది. చాలకపోతే దాచుకున్న డబ్బు తీసి ఆ షెడ్డు నడిపించింది, దాణా పోయించింది. తిట్టినవాళ్ల కోసం మీకెందుకత్తా అంటే నా మీదే కసిరింది. 'నన్ను వేట మానమన్నారు, పక్షిని మానమనలేదుగా' అంది."

"ఇప్పుడా షెడ్డు?"

"మూసేశారక్కా. చూసేవాళ్లెవరున్నారు?"

రింగు లేని పక్షి ఒక్కటైనా ఉండకపోతుందా అని వసుంధర గుమ్మంలోనే నిలబడి ఫొటోలన్నీ వెతికింది. తను కాపాడాననుకున్న ప్రతి పక్షి కాలికీ వెంకమ్మ వేయించిన పసుపు రింగే ఉంది.