ఎడమ పగులా, కుడి పగులా?

"ఆ అబ్బాయి ఎడమ పగులులోకి వెళ్తే తిరిగి రాడు!"

తలుపు తోసుకుని లోపలికి వచ్చిన ముసలాయన మాటకు, కొండ ఆఫీసులో వాకీటాకీ ముందు కూర్చున్న కొత్త పెళ్ళికూతురు ఉలిక్కిపడింది.

పెళ్ళై ఇరవై రోజులు. పొద్దున కొండెక్కే తొందరలో మొగుడు ఒక కాలికి తన మేజోడు, రెండో కాలికి ఆమె మేజోడు తొడుక్కెళ్ళాడని ఇందాకటి దాకా ముసిముసిగా నవ్వుకుంటూనే ఉంది.

ఇప్పుడు నవ్వు లేదు. నిట్టనిలువు గ్రానైట్ కొండ గోడ మీద, శిఖరానికి కాస్త కింద, ఆయనా ఆయన స్నేహితుడూ ఒకే తాడుకు వేలాడుతున్నారు. మబ్బు కమ్మేసింది.

వాకీటాకీ గరగరలాడింది.

"ఏమోయ్! ఎదురుగా రెండు పగుళ్ళున్నాయి. మా మ్యాప్ తడిసి ముద్దయింది. ఏది ఎక్కాలో అడుగు, తొందరగా!"

ఆఫీసు గుమాస్తా గది గోడ మీది పటంపై వేలు పెట్టాడు.

"ఎడమది. ముప్పై ఏళ్ళ కిందట ఈ వైపు నుంచి మొదట ఎక్కినవాళ్ళు గీసిన మ్యాప్ ఇది."

"తప్పు గీశారు," అన్నాడు ముసలాయన. "పైకెక్కాక, కొండకి వీపు పెట్టి కిందికి చూస్తూ గీశారు. ఎక్కేవాడికి కుడిది, అక్కణ్ణించి ఎడమైంది. ఎడమ పగులు పైన మూసుకుపోతుంది. ఎండలో అయితే వెనక్కి దిగొచ్చు. వానలో అది అద్దంలా జారుతుంది."

"మొదలెట్టారా పెద్దాయనా! ఏటా ఇదే గోల. వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చోండి."

"మీరు కాస్త ఊరుకుంటారా!" కసిరింది ఆమె. "అక్కడున్నది నా మొగుడు!"

"అందుకే ఊరుకోలేనమ్మా."

"జవాబు లేదేం? ఎడమదే ఎక్కేస్తున్నాం," అంది వాకీటాకీ.

ఆమె ఇద్దరి వంకా చూసింది. గుమాస్తా గొంతులో ఉన్నది విసుగు. ముసలాయన గొంతులో ఉన్నది భయం.

మీట నొక్కింది.

"కుడి! కుడి పగులండీ! ఎడమ వద్దు!"

"మీ ఇష్టం. రేపు నన్ననొద్దు," అన్నాడు గుమాస్తా.

తర్వాత వాకీటాకీ మూగబోయింది.

పది నిమిషాలు. ఇరవై. నలభై. ఆమె కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. వాన రేకుల కప్పును దంచుతోంది.

"పైకొచ్చేశాం!"

ఆమె ప్రాణం లేచొచ్చింది.

"పైనుంచి చూస్తే ఆ ఎడమ పగులు పైన మూసుకుపోయి ఉందోయ్! దాంట్లోంచి నీళ్ళు జలపాతంలా దూకుతున్నాయి. ఎవరు చెప్పారు నీకు?"

ఏడుస్తూ, నవ్వుతూ వెనక్కి తిరిగింది.

బెంచీ ఖాళీగా ఉంది.

వానలోకి పరుగెత్తింది. రోడ్డు మీద ఎవరూ లేరు. పేరైనా అడగలేదు. కసిరింది, అంతే.

ఆమె తిరిగి లోపలికొచ్చేసరికి గుమాస్తా ముఖం పాలిపోయి ఉంది. సొరుగులోంచి కవర్ల కట్ట తీసి ఆమె ముందు పెట్టాడు.

"ఏటా ఒకటి ఇచ్చి వెళ్తాడు. పిచ్చాయన కదా అని విప్పలేదు."

ఆమె పైదాన్ని చింపింది. రెండే వాక్యాలు.

"అయ్యా, ఇకనైనా మార్చండి. ఆ పటం గీసింది నేనే, దాన్ని నమ్మి మొదట ఎడమకు వెళ్ళినవాడు నా తమ్ముడు."