మీ బదులు ఊ

ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మన గొంతుతో ఊ కొట్టిపెట్టే సదుపాయం ఇప్పుడు ఇంటింటా ఉంది. ఏ కంపెనీ ఫోనులోనైనా, ఫ్రిజ్‌లోనైనా, వాచీలోనైనా తెరవెనక అది ఆగకుండా నడిచేలా మలిచింది హైమవతే. ఒకచోట ఆపితే ఇంకోచోట అందుకుంటుంది. ఆమెకు దానిమీద మహా గర్వం.

ఆదివారం బెండకాయలు తరుగుతూ, "కిన్నెరా, డాన్సు క్లాసుకి టైమవుతోందే," అని కూతుర్ని కేకేసింది.

"మానేశానుగా. మాస్టారు ఒంటిమీద చెయ్యేస్తున్నాడని ఆ రోజే చెప్పా కదమ్మా."

హైమవతి చేతిలో కత్తి ఆగిపోయింది. "నాకా? ఎప్పుడే?"

"ఇక్కడే. నువ్వు లాప్‌టాప్ ముందున్నావు. అంతా విని ఊ అన్నావు. ఇంకేం అనలేదు. నేనూ ఊరుకున్నా."

హైమవతి తన ఫోను ఆపేసింది, ఫ్రిజ్ ప్లగ్గు పీకేసింది, వాచీ విప్పి పారేసింది. కూతురి పక్కన కూలబడి, "ఆ ఊ నాది కాదు తల్లీ. నేనసలు వినలేదు. నన్ను క్షమించవే," అని భోరుమంది.

"ఊ," అని కూతురి గొంతు వినిపించింది.

ప్రాణం లేచొచ్చి తలెత్తింది హైమవతి. కిన్నెర కిటికీలోంచి బయటికి చూస్తోంది. పెదాలు బిగించే ఉన్నాయి. పిల్ల మణికట్టు మీద వాచీ మాత్రం వెలుగుతోంది.